తొలిచూపులో అడిగిన మాట

మా ఊరు కార్పొరేషన్ అయిన సంబరంలో ఒక నగర కవిని నియమించాలనుకున్నారు. ఆ ప్రకటన పేపర్లో వస్తే నా భార్య ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఫొటో మూలన ఆమె బొటనవేలు కూడా పడింది. వెంటనే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"చూడండి, ఇది మీకోసరమే పెట్టినట్టుండాది. రెండేండ్లంట. ఊర్లోనే ఉండాలంట."

ఆ చివరి మాటను ఆమె ఒత్తి పలికింది.

నేను మక్కాలో, కాబా ఉన్న పెద్ద మసీదు హరమ్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక హోటల్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. దుప్పట్లు మార్చారా, తువ్వాళ్లు సరిపోయాయా, ఉమ్రా యాత్రకు వచ్చిన ముసలివాళ్లు స్నానాల గదిలో జారిపడకుండా నేల తుడిచారా, ఇవీ నా పనులు. సర్వీసు లిఫ్టు పక్కన ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి మినార్ల కొసలు కనిపిస్తాయి. ఆ ప్రకటన నేను చదివింది ఆ కిటికీ దగ్గరే.

జాతీయ పండుగలకూ, నగరంలో ఏదైనా కొత్తది ప్రారంభించినప్పుడూ కవిత రాయాలి. నెలకొకసారి కార్పొరేషన్ బడికి వెళ్లి పిల్లలకు కవిత్వం చెప్పాలి. అభ్యర్థి నగరవాసి అయి ఉండాలి. నగరం మీద సొంతంగా రాసిన కవితను కమిటీ ముందు స్వయంగా చదివి వినిపించాలి. గౌరవ వేతనం చిన్నది. కానీ ఆ బడి మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

ఎందుకో చెప్పాలంటే మా వీధి మసీదు దాకా వెళ్లాలి. మాది ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. మా వీధిలో అందరూ అంతే. శుక్రవారం జుమా రోజు బయాన్, అంటే ప్రసంగం, మాత్రం ఉర్దూలో జరిగేది. పరుపులు కుట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, నూనె మిల్లులో పనిచేసేవాళ్లు భక్తితో తలలూపేవారు గానీ సగం మందికి సగమే అర్థమయ్యేది. నేను మదర్సాలో అరబీ, ఉర్దూ చదువుకుంటున్నానని ఇమామ్ సాహెబ్ నన్ను పిలిచి, నమాజు అయ్యాక మెట్ల మీద కూర్చుని బయాన్ సారం తెలుగులో చెప్పమన్నారు. మొదటి వారం చాలాసేపు చెప్పాను. మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటున్న ఒక తాత అన్నాడు:

"అంత పొడుగు చెప్తే ఇంటికి పోయేలోపల మర్చిపోతా గదరా. పిడికిట్లో పట్టేటంత చెప్పు."

కవిత్వంలో నాకు గురువంటూ ఉంటే ఆ తాతే. పిడికిట్లో పట్టేంత చెప్పడం కోసం వారమంతా తన్నుకులాడేవాణ్ని. తరవాత రాసిన కవితలన్నీ అలా వచ్చినవే. కవులు తాము చెయ్యనివి చెప్తారని ఖురాన్‌లో ఉన్న హెచ్చరిక నాకు తెలుసు. విశ్వసించి, మంచి పనులు చేసి, అల్లాను ఎక్కువగా తలచుకునే కవులకు అక్కడే ఇచ్చిన మినహాయింపూ తెలుసు. ఆ మినహాయింపులో నిలబడే చోటు దొరికితే చాలని నా ఆశ. పిల్లల ముందు కూర్చుని పిడికిట్లో పట్టేంత మాట ఎలా చెప్పాలో నేర్పడం నాకు ఆ చోటులాగే కనిపించింది.

ఆ రోజే ఊరి ఇంటి చిరునామాతో దరఖాస్తు పంపాను. పంపాక గుండె బరువెక్కింది. నేను మక్కా వదిలి వెళ్లలేనని నాకు అప్పటికే గట్టి నమ్మకం ఉంది. దాని వెనక నేను అల్లాను వేడుకున్న ఒక దువా ఉంది.

కాబాను మొట్టమొదటిసారి చూసిన క్షణంలో ఏం అడిగినా అల్లా కాదనడని మా వాళ్లందరి నమ్మకం. అందుకే కొత్తవాళ్లను తీసుకెళ్లేవాళ్లు లోపలికి వెళ్లాక తల వంచుకోమంటారు. ఎదురుగా నిలబెట్టి, ఇప్పుడు చూడండి, అడగండి అంటారు. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, జిద్దా నుంచి బస్సులో వస్తున్నంతసేపూ నేను ఆ దువా కూర్చుకుంటూనే ఉన్నాను. అందరూ అడిగేవి అడగకూడదనుకున్నాను. ఇంటి మీద స్లాబు, చెల్లెలి పెళ్లి, ఇలాంటివి అక్కడ నిలబడి అడగడం చిన్నతనమనిపించింది. మాటలు అటు మార్చి, ఇటు మార్చి, చివరికి ఒక వాక్యం కుదిరింది.

"యా అల్లా, నీ గడప చేరిన వాణ్ని మళ్లీ దారిన పడెయ్యకు."

తల ఎత్తగానే అదే అడిగాను. ఏడుస్తూనే అడిగాను. అందులో అబద్ధం లేదు. ఆ సాయంత్రం ఫోన్లో ఇంటికి చెప్తే, మా మసీదు వాళ్లంతా విని, ఎంత బాగా అడిగినాడు అని మెచ్చుకున్నారట. నేను కూర్చిన మాటల్లో అంతమంది నోళ్లలో నలిగింది ఇంకొకటి లేదు. నా భార్య మాత్రం "మంచిది" అని ఊరుకుంది.

ఆ తరవాత నేను ఇంటికి బయలుదేరిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడింది. మొదటిసారి టికెట్ చేతిలో ఉండగా కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఇంకోసారి హోటల్ చేతులు మారి, కొత్త యజమాని పేరు మీద ఇఖామా, అదే నివాస పత్రం, వచ్చేదాకా ఎవరూ కదలకూడదన్నారు. మూడోసారి నా తోటి సూపర్‌వైజర్ చెప్పకుండా మానేశాడు. మధ్యలో ఒక్కసారి వెళ్లొచ్చాను గానీ అది మా నాయన పోతే జనాజాకు. మట్టి ఆరకముందే తిరిగి రమ్మన్నారు. మూడో సెలవు రద్దయిందని చెప్పిన రోజు నా భార్య ఫోన్లో నెమ్మదిగా అడిగింది:

"ఆ పొద్దు ఆ దువా అడిగినప్పుడు నేనూ పాపా గుర్తుకు రాలేదా మీకు?"

అల్లా నా మాట విన్నాడు, నిలబెట్టుకుంటున్నాడు, అంతే అనుకున్నాను. నేను అడిగిందే నాకు జరుగుతోంది. దాని మీద ఎవరికని ఫిర్యాదు చేసేది?

నా గదిలో ఉండే కరీంనగర్ డ్రైవర్ అన్నకు ఈ సంగతి చెబితే పకపక నవ్వాడు. ఆయన హాజీలను బస్సులో తిప్పుతాడు.

"అరే కవి సాబ్, నిన్ను పట్టుకున్నది అల్లా కాదు భయ్, మన కంపిని. వాళ్లు చేసిందంత తీస్కపోయి అల్లా మీదెందుకు ఏస్తున్నవ్?"

"తొలిచూపు దువా అన్నా అది."

"అయితే ఏంది? నేను తొలిచూపుల లాటరీ తగలాలని అడిగిన. తగిలిందా? ఇంకా అదే బస్సు తోలుతున్న."

"లాటరీ హరామ్ కదన్నా."

"గందుకే తగల్లేదు కావచ్చు," అని ఆయన టీ ఊదుకుని తాగాడు. మళ్లీ కొంచెం మెత్తగా, "ఆ మాట గట్టి హదీసు కాదంటరు తమ్మీ. ప్రవక్త అన్నడనేటందుకు రుజువు బలహీనమైందట. మనసుల పెట్టుకోకు," అన్నాడు.

చదువుకున్నవాణ్ని, అది నాకూ తెలుసు. పుస్తకంలో బలహీనమైన మాట మనిషిలో బలహీనంగా ఉండాలని ఏమీ లేదు.

కమిటీ వడపోసిన కొద్దిమందిలో నా పేరు ఉందని కబురు వచ్చింది. కవిత చదివే రోజు రంజాన్ నెల మధ్యలో పడింది. మక్కా హోటల్లో రంజాన్ అంటే గదులు ఖాళీ ఉండవు, మనుషులకు ఖాళీ ఉండదు. మా మేనేజర్ ఈజిప్టు వాడు, చెడ్డవాడు కాదు. నేను సెలవు అడగ్గానే రెండు చేతులూ పైకెత్తాడు.

"రమదాన్! లోకమంతా ఇళ్లు అమ్ముకుని రమదాన్‌కు ఇక్కడికి వస్తుంది. నువ్వు ఇక్కడినుంచి పోతానంటావా? బాద్ ఈద్. ఈద్ అయ్యాక."

ఇంటికి వెళ్లి తిరిగి వచ్చేందుకు వీసా ఇప్పుడు ఫోన్లోనే పెట్టుకోవచ్చంటారు. పెట్టుకుని వెళ్లిపోవచ్చు. సెలవు మంజూరు కాకుండా వెళ్తే పని వదిలి పారిపోయినట్టు రాస్తారు, తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉండదు. కవి పదవి వస్తుందో రాదో తెలియకుండా ఇంటిల్లిపాదీ తినే అన్నాన్ని వదిలి బయలుదేరలేను. వస్తే మాత్రం ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని శాశ్వతంగా వెళ్లిపోవాలి. ఆ రెండో ఆలోచన దగ్గర ఇంకో భయం ఉండేది. ఈ గడప వదిలేసి, ఏ నీళ్ల ట్యాంకు ప్రారంభానికో కవిత చదవడానికి వెళ్తానంటున్నానే, రేపు అల్లా అడిగితే ఏం చెప్పను?

అయినా కవిత రాశాను. ఊరి బయట రోడ్డుకు రెండు వైపులా ఉండే చింతచెట్ల మీద రాశాను. బాగా వచ్చిందనిపించి నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని అంది:

"ఆ చెట్లు యాడుండాయి? రోడ్డు వెడల్పు చేసేటప్పుడే కొట్టేసినారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పి ఉంటే నేనే మర్చిపోయానేమో. నగరవాసి అయి ఉండాలన్న నిబంధన ఎందుకు పెట్టారో ఆ పూట అర్థమైంది.

"అయితే ఇంక అక్కడ మారకుండా ఉన్నదేంది?" అని అడిగాను.

"ఏరుండాది. నీళ్లు లేవు. అది మారేది కాదులే. దాని మీద రాయండి."

అట్లా వచ్చింది రెండో కవిత. దాని మొదలు ఇది:

*మా ఊరి ఏరు నీళ్లు లేని ఏరు.*
*అయినా ఇసుకలో దిగి దాటేటప్పుడు*
*ఆడవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుంటారు,*
*ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని.*

ఇక మిగిలింది దువా. ఆ దువాను విప్పాలంటే ఇంకో దువా చెయ్యాలి. సాయంత్రం అసర్ నమాజుకు హరమ్‌కు వెళ్లినప్పుడల్లా, నన్ను ఇంటికి పంపు అని అడగాలని నిలబడేవాణ్ని. ఎదురుగా అంతమంది, ఎక్కడెక్కడి నుంచో ఒక్క చూపు కోసం వచ్చినవాళ్లు కాబాకు కప్పిన గిలాఫ్ వైపు చేతులు చాపి ఏడుస్తుంటే, నన్ను ఇక్కడి నుంచి పంపెయ్యమనే మాట గొంతు దాటేది కాదు. ఎప్పుడూ అడిగేవే అడిగి, తువ్వాళ్ల లెక్క చూసుకోవడానికి తిరిగి వచ్చేవాణ్ని.

అప్పుడే ఆ అవ్వ వచ్చింది. మా ఊరి పక్క పల్లె నుంచి ఉమ్రా బృందంతో వచ్చి మా హోటల్లోనే దిగింది. బృందాన్ని నడిపేవాడు ఉర్దూలో తప్ప మాట్లాడడు, అవ్వకు తెలుగు తప్ప రాదు. గదిలో వేడినీళ్ల కొళాయి ఏదో తెలియక చన్నీళ్లతో స్నానం చేసి, జ్వరం తెచ్చుకుని, మొదటి ఉమ్రాకు అందరితో వెళ్లలేకపోయింది. దుప్పట్లు చూడ్డానికి వెళ్లిన నేను నా కింది మనిషితో ఫోన్లో ఏదో తెలుగులో అనగానే మంచం మీద లేచి కూర్చుంది.

"ఎవర్నాయనా నువ్వు? తెలుగోనివా? అల్లా పంపినాడు నిన్ను. ఈ కొళాయిలు నన్ను సంపుతాండాయి."

రెండు రోజులకు జ్వరం తగ్గింది. బృందం నాయకుణ్ని అడిగి, నా డ్యూటీ అయ్యాక అసర్ వేళకు నేనే తీసుకెళ్తానన్నాను. పుణ్యానికే తీసుకెళ్లాను. కానీ తలుపు తీసి ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే, ఆమె ఇంకా కాబాను చూడలేదన్న సంగతి నా మనసులో మెదిలింది. ఆమె తొలిచూపు ఇంకా ఖర్చు కాలేదు.

దారి పొడుగునా ఆమె నా మోచెయ్యి పట్టుకుని, కుంటుతూ మాట్లాడుతూనే ఉంది.

"తలకాయ దించుకోవాలంట గదా?"

"లోపలికి పోయినాంక అవ్వా. నేను చెప్పేదాకా ఎత్తొద్దు."

"ఏమి అడగాల?"

"నీ ఇష్టం. ఏది అడిగితే అది."

"మోకాళ్లు బాగుచెయ్యమని అడుగుదామనుకుంటి. ఇంతదూరమొచ్చి మోకాళ్లడిగితే అల్లా నవ్వుకుంటాడేమో."

నాకు నవ్వు రాలేదు. ఒక స్తంభం నీడలో ఆగి, నా సంగతంతా చెప్పాను. బస్సులో కూర్చుకున్న వాక్యం, ఆగిపోయిన ప్రయాణాలు, ఊర్లో పదవి, దగ్గర పడిన తేదీ. చెప్పి, "నా కోసరం ఒక్క మాట అడుగుతావా అవ్వా? నన్ను ఇంటికి పంపమని," అన్నాను.

ఆమె తల పైకెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"జనం ఈడికి రావాలని ఏడుస్తాంటే, నువ్వు పోవాలని ఏడుస్తాండావా? అదేమి పదవి నాయనా? కలెక్టరా?"

"కవి అవ్వా. పాటల మాదిరి రాసేది."

"దానికి జీతమిస్తారా?"

"కొంచెం ఇస్తారు."

"అబ్బో. మా వీధిలో ఒకడుండాడు, ఊరికే పాడతాడు, నోరు మూయించేదానికే జీతమియ్యాల." తనే నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపింది. "పెండ్లాం పిల్లలుండారా?"

"ఉన్నారు. ఒక పాప."

"అట్ల చెప్పు మరి. కవి గివి నాకెందుకు. అడుగుతాలే, పద."

లోపల తల వంచుకుని చిన్న చిన్న అడుగులు వేసింది. పాలరాతి మీద ఆమె పాదాలనే చూస్తూ నడిచాను. కాబా చుట్టూ తిరిగే మతాఫ్ అంచుకు తెచ్చి నిలబెట్టి, "ఇప్పుడు చూడవ్వా," అన్నాను. ఆ మాట అన్నది ఆమె కోసం కాదు.

తల ఎత్తింది. నోరు తెరుచుకుంది. పెదవులు కదల్లేదు. కన్నీళ్లు మాత్రం గడ్డం దాకా కారి, తలమీది గుడ్డ తడిసిపోయింది. చేతులు కూడా సగమే లేచాయి. అడుగు అవ్వా, అడుగు అని లోపల అరుస్తున్నాను గానీ ఆమెను కదిలించే ధైర్యం రాలేదు. చాలాసేపటికి నా వైపు తిరిగింది. చిన్నపిల్ల మొహంలాగుంది.

"అబ్బయ్యా, మర్చిపోతిరా."

"ఏమి అవ్వా?"

"అన్నీ. నిన్ను మర్చిపోతి, నా మోకాళ్లు మర్చిపోతి, సచ్చిపోయిన నా కొడుకును గూడ మర్చిపోతి. ఏడ్చేదానికే సరిపాయ. నాకు మాటలు యాడివి నాయనా?"

నాకు ముందు కోపం వచ్చింది. ఆ మాట రాయకుండా ఉండలేను. తరవాత ఆమె చెయ్యి పట్టుకుని కాబా చుట్టూ తవాఫ్ మొదలుపెట్టించాను. తిరుగుతుంటే ఒకటే తలపు. ఆమె ఏ మాటా లేకుండా వచ్చి నిలబడింది. నేను ఆనాడు మాట సిద్ధం చేసుకుని వచ్చాను, ఎక్కడ ఏ పదం పడితే బాగుంటుందో చూసుకుని మరీ వచ్చాను. అల్లా నా కన్నీళ్లు కాకుండా నా వాక్యం విన్నాడని ఇన్నాళ్లూ నేనెందుకు అనుకున్నాను? వాక్యం నాది కాబట్టి. దాని మీద నాకు మమకారం కాబట్టి. ఇలా అనుకున్నా గుండె మీది బరువు మాత్రం దిగలేదు. ఒకసారి నమ్మింది ఒక తవాఫ్‌లో ఊడిపోదు.

బృందం మదీనాకు బయలుదేరిన రోజు అవ్వ బస్సు కిటికీలోంచి నన్ను పిలిచింది.

"నిన్న పోయి అడిగినా నీ మాట. పేరు తెలీక, కొళాయి తిప్పేది నేర్పిన పిల్లోడు అని చెప్పినా. తొలిచూపు కాదు గదా, పనిజేస్తాదో లేదో."

కవిత చదివే రోజు రానే వచ్చింది. తేదీ మార్చమని నేను రాసిన అర్జీ పట్టుకుని నా భార్య కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లింది. కుదరదన్నారు. ఫోన్లో చదివితే కూడా ఒప్పుకోం అన్నారు. ఆమె ఇంటికి వెళ్లకుండా హాల్లో వెనక వరసలో కూర్చుని, నాకు ఫోన్ కలిపి ఒళ్లో పెట్టుకుంది. నేను నాలుగో అంతస్తులో తువ్వాళ్ల గదిలో ఉన్నాను. చెవిలో వైరు పెట్టుకుని, ఉతికి వచ్చిన తువ్వాళ్లు మడత చూస్తూ, మా ఊరి ఫ్యాన్ల చప్పుడు విన్నాను. కుర్చీలు జరుపుతున్నారు. ఎవరో దగ్గారు. ఒకరి తరవాత ఒకరు చదివారు. నా పేరు పిలిచారు. "గైర్హాజరు," అని ఒక గొంతు అంది. తరవాతి పేరు పిలిచారు.

ఆ తరవాతి పేరు ఆయన్నే నగర కవిగా తీసుకున్నారు. కొత్త రోడ్డు మీద నీడ లేకుండా నడిచే మనుషుల మీద రాశారాయన. బాగా రాశారు. ఆ చెట్లు పోయాయని ఆయనకు తెలుసు, నాకు తెలియదు. సాయంత్రం నా భార్యతో అన్నాను:

"ఆయనది బాగుంది గదా."

"మీది ఇంకా బాగుంది," అని ఆగి, "ఆయన ఊర్లో ఉండాడు. అంతే," అంది.

వెనక పాప ఏదో పాడుతోంది. బళ్లో కొత్త కవి వచ్చి నేర్పుతాడని ఆమెకు అప్పుడే ఎవరో చెప్పారట.

ఈద్ అయింది. మేనేజర్ తన మాట గుర్తుపెట్టుకుని పిలిచి, ఇప్పుడు సెలవు పెట్టుకో అన్నాడు. పెట్టుకోబోయేంతలో హజ్ సీజను మొదలవుతుందని పైనుంచి సెలవులన్నీ ఆపేశారు. నా గదిలోని కరీంనగర్ అన్న నన్ను చూసి నాకో గ్లాసు టీ పోశాడు.

మొన్న మా జిల్లా నుంచి ఇంకో బృందం దిగింది. తెలుగు వచ్చినవాణ్నని వాళ్ల నాయకుడు నన్ను కూడా రమ్మన్నాడు. ద్వారం దగ్గర అందరినీ ఆపి, తలలు దించుకోమని చెప్పాను. కళ్లెత్తినప్పుడు ఏది అడగాలనిపిస్తే అది అడగండి, మాటలు రాకపోతే ఏడవండి, అదీ చాలు అన్నాను. ఇంతవరకు ముందే అనుకుని వచ్చిన మాటే. అక్కడితో ఆపకుండా ఇంకోటి కూడా అన్నాను.

"ఎన్ని అడిగినా, మీ ఇంటికి క్షేమంగా తిరిగిపోయే మాట మాత్రం అడగడం మర్చిపోవద్దండి."

ముందు వరసలో ఒంటిమీది తెల్లటి ఇహ్రామ్ గుడ్డ సర్దుకుంటున్న పెద్దాయన తల దించుకునే నవ్వాడు.

"రిటర్న్ టికెట్టు ఉండాది గదా నాయనా. దానికి గూడ దువా ఎందుకు?"

అందరూ నవ్వారు. నేను ఆయన భుజం పట్టుకుని, "అడుగులు చూసి వెయ్యండి, ముందు మెట్లున్నాయి," అన్నాను. మెట్లు దిగాం.